అడుగు రహస్యము నెరిగిన వైద్యుడు - డ్యుషెన్

మనుష్యుడు తన శరీరములో ప్రతిదినము మిక్కిలిగా వాడుకొని, మిక్కిలి తక్కువగా తలచుకొను అవయవము పాదము. ముల్లు గ్రుచ్చుకొన్ననాడో, రాయి తగిలిననాడో తప్ప దాని ఊసెత్తువారుండరు. ఆ పాదములో సైతము మరింత మరుగున పడియున్నవి అరికాలి చిన్న కండరములు. పిక్క బలమును అందరు నెరుగుదురు. పరుగుపందెములో అది కంటికి కనబడును. దళసరి చర్మము క్రింద, ఎముకల సందులలో, నాలుగు పొరలుగా ఒదిగియున్న ఈ చిన్న కండరములు మాత్రము కంటికి కనబడవు, చేతికి అందవు. అవి యేమి పని చేయుచున్నవో పందొమ్మిదవ శతాబ్ది నడిమి వరకు వైద్యులకే స్పష్టముగా తెలియదు. ఆ పనిని తేల్చి చెప్పినవాడు ఫ్రాన్సు దేశీయుడైన గియోమ్ డ్యుషెన్. ఇంచుమించు అదే పేరు గల మరియొక వైద్యుడు పారిస్‌లో అప్పటికే ప్రసిద్ధుడై యుండుటచే, ఈయన తన ఊరి పేరు చేర్చుకొని బులోన్ వాడైన డ్యుషెన్ అని పిలువబడెను.

ఆయన 1806వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన, ఫ్రాన్సు ఉత్తర తీరముననున్న బులోన్ అను రేవు పట్టణమున జన్మించెను. ఆ వంశమువారు తరతరములుగా సముద్రమును నమ్ముకొని బ్రతికినవారు. తండ్రి ఓడ నడుపు నాయకుడు. నెపోలియన్ కాలపు యుద్ధములలో పనిచేసి గౌరవ పతకమును పొందినవాడు. కుమారుడు కూడ ఓడ యెక్కవలెనని తండ్రి కోరిక. కుమారుని మనస్సు శాస్త్రములవైపు మొగ్గెను. తండ్రి మాటను కాదని ఆయన వైద్యవిద్య కొరకు పారిస్ చేరెను. అది డ్యుప్యుట్రెన్, మజాండీ, క్రువేయే వంటి ఉద్దండులు బోధించుచుండిన కాలము. కాలిన గాయములను గూర్చి పరిశోధన వ్యాసము వ్రాసి, 1831లో పట్టము పొంది, డ్యుషెన్ సొంత ఊరికి మరలెను. ఊరి వైద్యుడుగా జీవితము గడుపుటయే అప్పటి ఆయన సంకల్పము.

విధి వేరొకటి తలచెను. అదే సంవత్సరము ఆయనకు వివాహమయ్యెను. రెండు సంవత్సరములు తిరుగకుండగనే, మగబిడ్డను కని, భార్య బాలింత జ్వరముతో మరణించెను. ప్రసవ సమయమున భర్త తప్ప వేరు వైద్యులెవ్వరును చెంత లేకుండుటచే, అత్తవారు ఆ మరణమునకు ఆయననే బాధ్యుని చేసిరి. చిన్న ఊరిలో నింద నిప్పువలె వ్యాపించును. బాలింత జ్వరమునకు కారణమేమో ఆనాటి వైద్యమునకే తెలియదని తలపోయువారెవరు? పసివాడు ఎమిల్ అమ్మమ్మ ఇంట పెరిగెను. తండ్రికి బిడ్డ దూరమయ్యెను. ఆ ఎడబాటు ఇంచుమించు ముప్పది సంవత్సరములు సాగెను. 1839లో చేసికొన్న రెండవ వివాహము కూడ సుఖము నీయలేదు. మితభాషియైన ఆ మనిషి మరింత మౌనములోనికి పోయెను.

ఆ దినములలోనే ఆయన చేతికి ఒక దారి దొరకెను. సన్నని సూదులను శరీరములోనికి గ్రుచ్చి వాని గుండ విద్యుత్తును ప్రసరింపజేయు చికిత్స ఒకటి ఆనాడు వాడుకలో నుండెను. 1835 ప్రాంతమున డ్యుషెన్ ఒక రోగికి అట్టి చికిత్స చేయుచు, విద్యుత్తు తగిలినంతనే ఆ చోటి కండరము ముడుచుకొనుటను గమనించెను. పదిమంది చూచి వదలివేసిన సంగతియే అది. ఆయన దానిని వదలలేదు. ఒక్కొక్క కండరమును విడివిడిగా పని చేయింపగలిగినచో, ఏ కండరము ఏ పనికి పుట్టినదో బ్రతికియున్న దేహమే చెప్పును గదా యని ఆయనకు తోచెను. అప్పటివరకు శరీరశాస్త్రజ్ఞులు శవమును కోసి, కండరము ఎక్కడ పుట్టి ఎక్కడ అంటుకొనియున్నదో చూచి, దాని పనిని ఊహించుచుండిరి. ఊహకును నిజమునకును నడుమ ఎంత దూరమున్నదో డ్యుషెన్ కనుగొనవలసియుండెను.

1842లో ఆయన పారిస్ చేరెను. అప్పటికి ముప్పదియారు సంవత్సరముల వయస్సు. చేతిలో పదవి లేదు, వెనుక పలుకుబడి లేదు, మాట చాతుర్యము అంతకన్న లేదు. పేటికవంటి ఒక విద్యుద్యంత్రమును వెంటబెట్టుకొని ఆసుపత్రినుండి ఆసుపత్రికి తిరుగుచు, ఇతరుల వార్డులలోని రోగులను చూచుటకు అనుమతి వేడుకొనుచుండెను. యువవైద్యులు కొందరు ఆయన పల్లెటూరి తీరును చూచి నవ్వుకొనిరి. ఒక రోగి ఒక ఆసుపత్రినుండి మరియొక దానికి మారినచో ఈయన కూడ వెంట పోవుచుండెను. ఏండ్ల తరబడి ఒకే రోగిని విడువక చూచుట ఆనాడు ఎవ్వరికిని అలవాటు లేని పని. ట్రూసో వంటి పెద్దలు, తరువాతి కాలమున షార్కో వంటి యువకులు మాత్రము ఆ తిరుగుడులోని విలువను గుర్తించిరి.

ఆయన పద్ధతి వినుటకు తేలికగానే యుండును. 1831లో ఇంగ్లాండు శాస్త్రజ్ఞుడు ఫారడే కనుగొన్న ప్రేరిత విద్యుత్తును డ్యుషెన్ సాధనముగా గైకొని, ఆ మహనీయుని పేరుతోనే తన చికిత్సకు నామకరణము చేసెను. సూదులను మానివేసెను. చర్మము పొడిగా నున్నచో విద్యుత్తు పైననే ఆగి చురుక్కుమనిపించును. చర్మమును తడిపి, తడి స్పంజిగాని తడి తోలుగాని చుట్టిన లోహపు పిడులను దానిపై ఆనించినచో, విద్యుత్తు లోనికి దిగి కండరమును తాకును. ఇట్లు గాయము చేయక, కోరిన కండరము నొక్కదానినే కదలించు నేర్పు ఆయనకు పట్టుబడెను. ఈ పరిశోధనల ఫలమే 1855లో వెలువడిన విద్యుచ్చికిత్సా గ్రంథము.

కండరముపై కొన్ని చోట్ల పిడిని ఆనించినచో స్వల్ప విద్యుత్తుకే అది బలముగా ముడుచుకొనుటను డ్యుషెన్ గమనించెను. ఆ చోట్లకు కారణమేమి? బెర్లిన్ నగరమున నుండిన రేమాక్ అను శాస్త్రజ్ఞుడు, అవి నరము కండరములోనికి ప్రవేశించు తావులని వాదించెను. డ్యుషెన్ ఆ వాదమును తేలికగా ఒప్పుకొనలేదు. ఇరువురి నడుమ ఘాటైన వివాదము నడచెను. చివరకు జర్మనీకి చెందిన జీమ్సెన్ 1857లో ఆ చోట్లను శరీరముపై గుర్తించి, రేమాక్ పక్షమే నిజమని చూపెను. కండరమును గూర్చి అంత యెరిగిన డ్యుషెన్ నరము విషయమున ఇచ్చట ప్రత్యర్థికంటె వెనుకబడెను. అయినను ఆయన సేకరించిన వివరములు చెడిపోలేదు. కారణము తప్పినను, కన్నులతో చూచినది చూచినట్లు వ్రాసినవాని కృషి వ్యర్థము కాదనుటకు ఇది నిదర్శనము.

ఇక చేతి వ్రేళ్ళ సంగతి. వ్రేలికి మూడు కణుపులు గలవు. ముంజేతి వెనుకనుండి వచ్చు పొడవైన కండరము ఈ మూడు కణుపులను చాచుననియే అంతవరకు అందరి నమ్మకము. డ్యుషెన్ ఆ కండరమును విద్యుత్తుతో కదలించి చూచెను. మొదటి కణుపు గట్టిగా వెనుకకు లేచినదే కాని, చివరి రెండు కణుపులు సరిగా చాచుకొనలేదు. పిమ్మట అరచేతి ఎముకల నడుమనున్న చిన్న కండరములను కదలించెను. అప్పుడు మొదటి కణుపు వంగి, చివరి రెండును చక్కగా చాచుకొనెను. చిన్నవని ఎవ్వరును లెక్కింపని కండరములు ఒకే ముడుపులో ఒక చోట వంచుటను, మరియొక చోట చాచుటను చేయుచున్నవి! కలము పట్టుట, సూదిలో దారమెక్కించుట, వీణ మీటుట ఇవి లేనిదే సాగవు. ఈ కండరములు చచ్చుపడిన రోగుల వ్రేళ్ళు గ్రద్దగోళ్ళవలె వంగిపోవుటకు కారణము దీనితో తేటపడెను.

చేతిలోని ఈ సత్యమును డ్యుషెన్ పాదమునకు అన్వయించి చూచెను. ఆయన కనుగొన్నదానిని గ్రహించుటకు పాదపు నిర్మాణమును కొంత యెరుగవలెను. అరికాలిలోని చిన్న కండరములు సామాన్యముగా లెక్కించు పద్ధతిలో 18. వానిలో కొన్ని బొటనవ్రేలిని, కొన్ని చిటికెనవ్రేలిని కదలించును. నాలుగు సన్నని కండరములు వానపామును పోలియుండుటచే వానికి లాటిన్ భాషలో ఆ పేరే వచ్చినది. అన్నిటికన్న లోతున, పొడవైన పాదపుటెముకల సందులలో ఏడు కండరములు గలవు. వీని కన్నిటికిని ఆజ్ఞలు తెచ్చునది పిక్కగుండ దిగివచ్చు జంఘానరము. అది లోపలి చీలమండ వెనుకగా అరికాలిలోనికి మలుపు తిరుగును. ఆ మలుపువద్ద వ్రేలు మోపినచో రక్తనాళము కొట్టుకొనుట తెలియును. నరము దాని ప్రక్కనే పోవుచుండును. అచ్చటనే అది రెండుగా చీలును. లోపలి శాఖ నాలుగు కండరములను, అనగా బొటనవ్రేలిని ప్రక్కకు జరుపుదానిని, దానిని వంచు చిన్నదానిని, తక్కిన వ్రేళ్ళను వంచు పొట్టిదానిని, వానపామువంటి వానిలో మొదటిదానిని పాలించును. వెలుపలి శాఖ మిగిలిన 14 కండరములను పాలించును. ఎముకల సందులలోని ఏడును దాని అధీనముననే యున్నవి. మోచేయి గోడకు తగిలినపుడు ఝుమ్మని చిటికెనవ్రేలివరకు ప్రాకు నరమొకటి గలదు. అరచేతిలోని చిన్న కండరములలో అధికభాగమును ఆ నరము పాలించినట్లే, అరికాలిలో అధికభాగమును ఈ వెలుపలి శాఖ పాలించుచున్నది. మీగాలిపైనున్న చిన్న కండరమునకు మాత్రము కాలి ముందువైపునుండి వచ్చు వేరొక నరము ఆధారము.

ఇక నడకను గమనింతము. మొదట మడమ నేలను తాకును. శరీరభారము అరికాలి వెలుపలి అంచు మీదుగా ముందునకు జరిగి, తుదకు బొటనవ్రేలి మొదటికి చేరును. అడుగు నేలను విడుచు ఆ చివరి క్షణమున వ్రేళ్ళు నేలను అదిమి పట్టవలెను. మొదటి కణుపు క్రిందికి వంగి, చివరి కణుపులు చాచుకొనియున్నపుడే వ్రేలు చదునుగా నేలను అదుమగలదు. ఈ పని చేయునవి ఆ చిన్న కండరములే. అవి చచ్చుపడినచో, కాలినుండి వచ్చు పొడవైన కండరములకు ఎదురు చెప్పువారుండరు. పైవైపు కండరము మొదటి కణుపును మీదికి లాగును. క్రిందివైపు కండరము చివరి కణుపులను లోనికి ముడుచును. వ్రేళ్ళు గోళ్ళవలె కొంకరపోవును. మీదికి లేచిన మొదటి కణుపు పాదపుటెముకల తలలను నేలవైపు నొక్కును. దానితో అరికాలి వంపు హెచ్చి పాదము పల్లకివలె వంగును. రోగి నడచును గాని, అతని నడకలో నేలను నెట్టు బలముండదు.

పాదపు వంపు ఎముకలు పేర్చిన కమాను మాత్రమేయని తలచువారికి డ్యుషెన్ పరిశీలనలు క్రొత్త చూపు నిచ్చెను. కాలి వెలుపలివైపునుండి దిగి, అరికాలి క్రిందుగా అడ్డము పోయి, బొటనవ్రేలి మొదటివైపు అంటుకొను పొడవైన కండరమొకటి గలదు. అది నీరసించిన పిల్లలలో పాదము చదునై నొప్పి పెట్టుననియు, అది అతిగా బిగిసినవారిలో పాదము డొల్లయగుననియు ఆయన చూపెను. వంపు ఒక చోట తగ్గుటకును, మరియొక చోట పెరుగుటకును కండరముల బలములోని హెచ్చుతగ్గులే కారణములని ఆయన అభిప్రాయము. ఈ పరిశీలనలన్నిటిని కూర్చి 1867లో ఆయన శరీర కదలికలను గూర్చిన మహాగ్రంథమును ప్రకటించెను. ఎనుబది సంవత్సరములు దాటిన పిమ్మట, 1949లో, అది ఆంగ్లములోనికి అనువదింపబడెను. అంత కాలము గడచినను దానికి వైద్యులలో ఆదరణ తగ్గలేదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఆ గ్రంథపు బలము విద్యుత్తులో మాత్రమే లేదు. విద్యుత్తు ఒక కండరము ఒంటరిగా ఏమి చేయగలదో చెప్పును. నిజజీవితములో ఏ కండరమును ఒంటరిగా పని చేయదు. అందుచే డ్యుషెన్ ఒక కండరమును కోల్పోయిన రోగులను వెదకికొని పోయి, వారు ఏ పనిని చేయలేకపోవుచున్నారో చూచెను. ఉన్నపుడు తెలియని దాని విలువ పోయినపుడు తెలియును. ఈ రెండు సాక్ష్యములును ఏకమైనపుడే ఆయన ఒక నిర్ణయమునకు వచ్చుచుండెను.

ఇదే ఓర్పుతో ఆయన అనేక వ్యాధులను వర్ణించెను. కండరములు క్రమముగా కృశించు వ్యాధిని ఆరాన్ అను వైద్యుడును ఆయనయు 1850 ప్రాంతమున లోకమునకు తెలియజేసిరి. ఆ వ్యాధి మూలము కండరములోనే యున్నదని డ్యుషెన్ మొదట తలచెను. వెన్నుపాములోని కణములు నశించుటచే కండరములు ఎండిపోవుచున్నవని తరువాతి పరిశోధనలు తేల్చినవి. 1858, 59 సంవత్సరములలో మరియొక వ్యాధిని వర్ణించెను. ఆ రోగులు నిలువలేరు, తిన్నగా నడువలేరు, చీకటిలో తూలిపోవుదురు. పక్షవాతమని అందరు ననుకొనిరి. వారి కండరముల బలమును కొలిచి, అది ఏమాత్రము తగ్గలేదనియు, లోపించినది కండరముల పొందికయనియు డ్యుషెన్ రుజువు చేసెను. పిల్లల పిక్కలు ఉబ్బి, బలము మాత్రము నానాటికి క్షీణించు వ్యాధిని 1868లో సమగ్రముగా వర్ణించెను. అది నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. బ్రతికియున్న రోగి కండరమునుండి చిన్న తునకను తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుటకు ఒక ప్రత్యేకమైన సూదిని కల్పించెను. ఇందుకు ఆయనపై విమర్శలు రాకపోలేదు. కాని ఆ పద్ధతి నేడు వైద్యమున సర్వసామాన్యమైనది. ముఖకండరములను విద్యుత్తుతో కదలించి, భావములను ఛాయాచిత్రములలో బంధించి 1862లో ప్రకటించిన గ్రంథము ఆయనను వైద్యలోకము వెలుపల కూడ ప్రసిద్ధుని చేసెను. డార్విన్ 1872లో తన గ్రంథమున ఆ చిత్రములను ఉపయోగించుకొనెను.

ఇంతటివానికి పారిస్‌లో ఆచార్యపదవి దక్కలేదు. సొంత ఆసుపత్రి విభాగము కూడ లేదు. ఆయన పదవుల కొరకు ప్రాకులాడినవాడు కాడు. ఆయనను వేధించినది వేరొక లోటు. 1862 ప్రాంతమున ఆ లోటు తీరెను. తండ్రివలెనే వైద్యుడైన ఎమిల్ పారిస్ చేరి తండ్రి ప్రక్కన పనిచేయసాగెను. ముప్పదేండ్ల ఎడబాటు తరువాత తండ్రీకొడుకులు ఒకే రోగి మంచము చెంత నిలిచిరి. ఆ భాగ్యము ఎంతో కాలము నిలువలేదు. ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించిన ఆ కష్టకాలమున, 1871 ప్రాంతమున, టైఫాయిడ్ జ్వరము ఎమిల్‌ను బలిగొనెను. ఆ దెబ్బనుండి డ్యుషెన్ తేరుకొనలేదు. 1875వ సంవత్సరము సెప్టెంబరులో, అరువదితొమ్మిదవ జన్మదినమునకు కొలదినాళ్ళ ముందు, మెదడులో రక్తస్రావమై ఆయన కన్నుమూసెను.

పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో ప్రపంచఖ్యాతి నార్జించిన షార్కో, డ్యుషెన్‌ను తన గురువని చెప్పుకొనుచుండెను. 1886లో షార్కో, ఆయన శిష్యుడు మరీ, ఇంగ్లాండులో టూత్ అను వైద్యుడు ఒక వంశపారంపర్య వ్యాధిని వర్ణించిరి. అది పాదములలో మొదలగును. వ్రేళ్ళు కొంకరపోవుట, అరికాలు డొల్లయగుట దాని లక్షణములు. డ్యుషెన్ పాదమును చదువుట నేర్పియుండుటచేతనే అట్టి గుర్తులను ఆ తరమువారు సులభముగా పోల్చుకొనగలిగిరి. 1897లో అదే సాల్పెత్రియేర్ ఆవరణలో డ్యుషెన్ స్మారకము నెలకొల్పబడెను. జీవించియుండగా ఒక్క మంచమైనను తనదని చెప్పుకొన వీలులేకపోయిన చోట ఆయన రూపము శిలపై నిలిచెను.

ఆయన చూపిన సత్యము మన దేశమునకు దూరమైనది కాదు. కుష్ఠువ్యాధిలో లోపలి చీలమండ చెంతనున్న నరము తరచుగా దెబ్బతినును. అరికాలికి స్పర్శ పోవును. చిన్న కండరములు చచ్చి వ్రేళ్ళు ముడుచుకొనును. భారమంతయు పాదపుటెముకల తలలపై పడి, నొప్పి తెలియని ఆ చోట్ల పుండ్లు పుట్టును. దీర్ఘకాలము మధుమేహముతో బాధపడువారి పాదములలో కూడ ఇట్టి మార్పులు కలుగును. అందుచే వివేకియైన వైద్యుడు అట్టి రోగి చెప్పులు విప్పించి, వ్రేళ్ళ తీరును, అరికాలి వంపును తప్పక పరిశీలించును. వ్రేళ్ళు ముడుచుకొనుటను తొలినాళ్ళలోనే గుర్తించి, తగిన పాదరక్షలను, చికిత్సను సమకూర్చినచో ఎన్నియో పాదములు నిలుచును.

సముద్రముపై తిరుగుమని కోరిన తండ్రిని కాదని, డ్యుషెన్ జీవితమంతయు ఆసుపత్రుల వసారాలలో తిరిగెను. తాను చూచినదానిని ఒకసారి కాదు, పదిసార్లు చూచెను. పెద్ద కండరముల బలమును కొనియాడుచుండిన లోకమునకు, నిలకడను ఇచ్చునవి చిన్నవియేయని చూపెను. నేడు బడికి నడచిపోవు ప్రతి బాలుని ప్రతి అడుగు చివరను ఆ చిన్న కండరములు నేలను అదిమి పట్టుచునే యున్నవి. వాని పేరు బాలుడెరుగడు, ఎరుగవలసిన అవసరమును అతనికి లేదు. అవి పని మానిననాడు కారణము చెప్పగల వైద్యుడుండుట మాత్రము అవసరము. ఆ కారణమును మొట్టమొదట తేటగా చెప్పిన కీర్తి బులోన్ వాడైన డ్యుషెన్‌కు చెందును.